పండగ బడిలో, దస్తావేజు పెట్టెలో

ఫ్రెంచి భాషా వారోత్సవాలు పుదుచ్చేరి బడులకు కొత్త కాదు. కానీ వేదిక మీద కనిపించే ఫ్రాన్స్ వేరు, ఆ ఊరి ఇళ్లలో కాపురముంటున్న ఫ్రాన్స్ వేరు.

మార్చి నెలలో పుదుచ్చేరిలో ఫ్రెంచి నేర్పే ఏ బడిలోకి వెళ్లినా ముందు కనిపించేది అట్టముక్కలతో చేసిన ఐఫిల్ టవర్. ఆ పక్కన నీలం, తెలుపు, ఎరుపు రంగు కాగితాల తోరణాలు. పిల్లలు పద్యాలు అప్పజెబుతారు, పాటలు పాడతారు, డిక్టేషన్ పోటీకి కూర్చుంటారు. పల్చటి అట్ల లాంటి క్రేప్‌లు వేసి అమ్మే బల్ల దగ్గర రద్దీ ఎక్కువ. మరో మూల సెనెగల్, కెనడాలోని క్యూబెక్, బెల్జియం, మారిషస్‌ల జెండాలు, పటాలు. ఫ్రెంచి అంటే ఫ్రాన్స్ ఒక్కటే కాదని పిల్లలకు చెప్పడానికి ఇదంతా.

ఈ హడావుడికి కేంద్రం మార్చి 20, అంతర్జాతీయ ఫ్రాంకోఫోనీ దినం. దాని చుట్టూ ఒక వారం, చాలాచోట్ల నెలంతా, కార్యక్రమాలుంటాయి. ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ ఏటా ఒక ఇతివృత్తం తీసుకుని పది మాటలు ప్రకటిస్తుంది. ఆ పదింటితో కథ అల్లాలి, బొమ్మ వేయాలి, నాటిక ఆడాలి. ఈ కార్యక్రమం పేరు 'డి-మ్వా డి మో', అంటే 'నాకు పది మాటలు చెప్పు'. 'చెప్పు', 'పది' అన్న రెండు మాటలూ ఫ్రెంచిలో ఒకేలా వినిపిస్తాయి, రాతలో మాత్రం వేరు. భాషలోని చమత్కారమూ అదే, పిల్లల కష్టమూ అదే.

మార్చి 20 వెనుక ఉన్న కథ ఐఫిల్ టవర్‌ది కాదు, ఆఫ్రికాది. 1970లో అదే రోజున నైజర్ రాజధాని నియామీలో 21 దేశాలు చేరి ఫ్రెంచి మాట్లాడే దేశాల సంస్థకు పునాది వేశాయి. వలస పాలన నుంచి బయటపడిన సెనెగల్ అధ్యక్షుడు సెంఘోర్, ట్యునీసియా అధ్యక్షుడు బుర్గీబా, నైజర్ అధ్యక్షుడు హమానీ దియోరీ, కంబోడియా నేత సిహనూక్ దానికి ఆద్యులు. ప్రపంచంలో ఫ్రెంచి మాట్లాడేవారు 30 కోట్లకు పైగా ఉంటే అందులో సగానికి పైగా ఆఫ్రికాలోనే ఉన్నారు. విడ్డూరమేమిటంటే, 2025 మార్చిలో సరిగ్గా ఆ పండగకు కొద్ది రోజుల ముందు నైజర్, బుర్కినా ఫాసో, మాలీ ఆ సంస్థ నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించాయి. సంస్థ పుట్టిన ఊరే సంస్థను వద్దనుకుంది. బడి గోడల మీది పటాలకు ఇలాంటి సంగతులు ఎక్కడం తక్కువ.

భారత్ ఈ సంస్థలో సభ్యురాలు కాదు. అయినా దేశంలో ఫ్రెంచికి ఊరూ పేరూ ఉన్న చోటంటూ ఒకటుంటే అది పుదుచ్చేరి. సముద్రానికి సమాంతరంగా సాగే తిన్నటి వీధుల మీద 'రూ ద్యుమా', 'రూ సుఫ్రెన్', 'రూ రొమాఁ రొలాఁ' అన్న నీలి పలకలు ఇప్పటికీ ఉన్నాయి. పోలీసుల నెత్తిన ఎర్రటి గుండ్రటి కెపీ టోపీ ఉంది. పర్యాటకులు దాన్ని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. భాష సంగతి ఫొటోలో పడదు.

ఇక్కడి ఫ్రెంచి బడుల్లో పాతది లిసే ఫ్రాన్సే. 1826లో మొదలైంది. 1954లో ఫ్రెంచి పాలన పోయినా బడి పోలేదు. శిశు తరగతి నుంచి బాకలోరియా దాకా పారిస్‌లో చదివే పిల్లల పాఠ్యప్రణాళికే ఇక్కడా. తమిళమూ బోధిస్తారు. ఫ్రెంచి పౌరుల పిల్లలైతే కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫ్రెంచి ప్రభుత్వం ఉపకార వేతనం ఇస్తుంది. భారతీయ పాస్‌పోర్టున్న తల్లిదండ్రులు ఫీజు కట్టుకోవాలి. ఒకే వీధిలో, ఒకే ఇంటి పేరుతో, ఒకే తమిళం మాట్లాడే ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఆ గేటు తేలిగ్గా తెరుచుకుంటుంది, మరొకరికి బరువుగా. ఆ తేడా ఎక్కడిదో తెలియాలంటే 1962 దాకా వెళ్లాలి. ఆ సంగతి తర్వాత.

శ్రీ అరవింద ఆశ్రమం వారి అంతర్జాతీయ విద్యా కేంద్రం తీరు వేరు. పారిస్‌లో పుట్టిన 'మదర్' మిర్రా అల్ఫాసా రూపుదిద్దిన ఆ బడిలో గణితం, సైన్సు ఫ్రెంచిలో నేర్పుతారు. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, గుజరాత్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు భిన్నాలు, సమీకరణాలు ఫ్రెంచిలో చేస్తారు. పట్టాలివ్వరు. వాళ్లకది పండగ భాష కాదు, లెక్కల భాష. ఇక కాల్వే కాలేజీ పేరుతో 19వ శతాబ్దంలో వెలసిన విద్యాసంస్థ ఇప్పుడు ప్రభుత్వ హయ్యర్ సెకండరీ స్కూలు. పాత ఫ్రెంచి నగరానికి, తమిళ నగరానికి మధ్య కాలువ ఉన్నట్లే ఈ బడులకు మధ్య కూడా కంటికి కనిపించని గట్లున్నాయి. మార్చి పండగ ఆ గట్లను చెరిపేయదు. పాటల పోటీలో ఒకే వేదిక మీద నిలబడటం మాత్రం అప్పుడప్పుడు జరుగుతుంది.

రాసిందల్లా పలికే భాషల నుంచి వచ్చిన పిల్లలకు డిక్టేషన్ ఒక శిక్ష. నీళ్లు అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాటలో మూడు అచ్చులుంటాయి. పలికితే ఆ మూడింటిలో ఏదీ వినిపించదు, 'ఓ' అని మాత్రం వినిపిస్తుంది. ముక్కుతో పలికే అచ్చులు మరో గండం. తెలుగు పిల్లలకైతే ఇక్కడ ఒక సౌలభ్యం ఉండాల్సింది: మన అరసున్న ఉన్నది అందుకే. దాన్ని మనం బడి పుస్తకాల్లోంచి ఎప్పుడో సాగనంపాం. అంకెలు ఇంకో తమాషా. ఫ్రాన్స్‌లో తొంభై ఏడు అనాలంటే 'నాలుగు ఇరవైలు, పదిహేడు' అనాలి. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో తొంభైకి వేరే తేలికైన మాట ఉంది. గోదావరి జిల్లాల సంతల్లో నాలుగేసి చొప్పున పుంజీల లెక్క కట్టే అమ్మలకు ఇరవైల లెక్క వింతగా తోచదేమో.

అక్షరక్రమం ఊరి పేర్లలోకి, మనుషుల పేర్లలోకి కూడా చొరబడింది. ఉళవర్‌కరై ఫ్రెంచి నోట 'ఊల్‌గారే' అయింది, విలియనూరు 'విల్లెనూర్' అయింది. రామసామి అన్న పేరును రోమన్ లిపిలో రాసేటప్పుడు మధ్యలో రెండు 'ఎస్'లు ఎందుకుంటాయో పుదుచ్చేరి దాటితే ఎవరికీ అర్థం కాదు. ఒక్క 'ఎస్' రెండు అచ్చుల మధ్య పడితే ఫ్రెంచివాడు దాన్ని 'జ' అని చదువుతాడు. రామసామి రామజామి కాకూడదు కదా. ఈ రెండో 'ఎస్' ఆధార్ కార్డులో, పాస్‌పోర్టులో, తాతగారి జనన ధ్రువపత్రంలో ఒకేలా లేకపోతే వచ్చే తంటాలు పుదుచ్చేరి కుటుంబాలకు కొత్త కాదు.

బడిలో వియత్నాం బల్ల పెట్టినప్పుడు ఈ ఊరి అసలు చరిత్ర తనకు తెలియకుండానే బయటపడుతుంది. ఫ్రెంచి ఇండోచైనాలో గుమాస్తాలుగా, పోలీసులుగా, పన్ను వసూలుదార్లుగా, సిపాయిలుగా పనిచేసింది చాలావరకు పుదుచ్చేరి, కారైకాల్ వాళ్లే. సైగాన్‌లో మారియమ్మన్ గుడి కట్టుకున్నది తమిళులే. అక్కడి స్త్రీలను పెళ్లాడి తిరిగొచ్చిన వాళ్లున్నారు. అందుకే పుదుచ్చేరి పాత కుటుంబాల వంటిళ్లలో సాంబారుతోపాటు నెమ్‌లు కూడా తయారవుతాయి. సన్నటి బియ్యప్పిండి పొరలో కూర చుట్టి వేయించే వియత్నాం వంటకం అది. బడి పండగలో 'విదేశీ సంస్కృతి' కింద ప్రదర్శించే ఆ వంటకం కొందరు పిల్లలకు ఆదివారం నాడు అమ్మమ్మ చేసిపెట్టేదే. ఫ్రాంకోఫోనీ అన్న పెద్ద మాటకు ఇంతకంటే మంచి నిర్వచనం పాఠ్యపుస్తకంలో దొరకదు. కానీ ఆ అమ్మమ్మను బడికి పిలిచి మాట్లాడించడం కన్నా ఐఫిల్ టవర్ అతికించడం తేలిక.

ఫ్రెంచి ఇక్కడ సంస్కృతిగా కంటే ముందు చట్టంగా వచ్చింది. 1873లో పొన్నుతంబి పిళ్లై అనే వకీలు బూట్లు వేసుకుని కోర్టుకు వచ్చినందుకు న్యాయమూర్తి అడ్డుకున్నాడు. భారతీయుడు ఐరోపా తరహా బూట్లతో కోర్టులో అడుగు పెట్టకూడదట. ఆయన పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి గెలిచాడు. ఆ తర్వాత 1881 సెప్టెంబరు 21న వచ్చిన డిక్రీ ఫ్రెంచి ఇండియాలోని వారికి ఒక దారి చూపింది: కుల, మత ఆచారాలపై ఆధారపడిన తమ వ్యక్తిగత చట్టాన్ని వదులుకుంటే ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి రావచ్చు. అలా వచ్చినవారు ఇంటిపేరు కూడా పెట్టుకోవాలి. పొన్నుతంబి 'లాపోర్త్' అని పెట్టుకున్నాడు. తలుపు అని అర్థం. ఆ తలుపులోంచి నడిచినవారిలో అంటరానితనం నుంచి బయటపడే దారి వెతుక్కున్నవారు చాలామంది. వీరిని 'రెనోంసాఁ' అంటారు, వదులుకున్నవారు అని.

ఇది చరిత్ర పాఠం కాదు. ఆ కుటుంబాల వారసులు భారతీయ పౌరులైనా పెళ్లి, వారసత్వం, ఆస్తి పంపకం వ్యవహారాల్లో ఫ్రెంచి సివిల్ కోడే వారికి వర్తిస్తుంది. ఉమ్మడి పౌరస్మృతి మీద చర్చ వచ్చినప్పుడల్లా దేశమంతా గోవాలోని పోర్చుగీసు చట్టం గురించి మాట్లాడుతుంది, పుదుచ్చేరి గురించి మాట్లాడేవారు అరుదు. పాత దస్తావేజులు ఫ్రెంచిలో ఉన్నాయి. నోటరీ చేతిరాతలో ఉన్న వీలునామాను చదవగలిగే వకీలు, దాన్ని కోర్టుకు తర్జుమా చేసి ఇవ్వగలిగే మనిషి కావాలి. తరం మారేకొద్దీ అలాంటి మనుషులు తగ్గుతున్నారు. మార్చిలో డిక్టేషన్ రాసే పిల్లల్లో ఎవరైనా ఆ పనికి వస్తారా అన్నది ఆ ఊరికి ఇంటి గొడవ, సాహిత్య చర్చ కాదు.

ఇప్పుడు 1962 సంగతి. 1954 అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేశారు. 170 మంది భారత్‌లో విలీనానికి, 8 మంది వ్యతిరేకంగా. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. అల్జీరియా యుద్ధంలో కూరుకుపోయిన ఫ్రాన్స్ దాన్ని ఆమోదించడానికి ఆరేళ్లు పట్టింది. 1962 ఆగస్టు 16న ఒప్పందం అమల్లోకి వచ్చింది. అక్కడ పుట్టి అక్కడే ఉంటున్నవారంతా భారతీయ పౌరులవుతారు. ఫ్రెంచి పౌరసత్వం కావాలనుకునేవారు ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పినవారు సుమారు 5 వేల మంది. వారిలో సైన్యంతో సంబంధమున్న కుటుంబాలు ఎక్కువ. అన్న సంతకం పెట్టాడు, తమ్ముడు పెట్టలేదు. మూడు తరాల తర్వాత అన్న మనవడు ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల్లో పుదుచ్చేరిలోనే ఓటు వేస్తాడు, తమ్ముడి మనవడు వీసాకు దరఖాస్తు చేస్తాడు. పెళ్లి సంబంధాల్లో పాస్‌పోర్టు రంగు చూడటం అప్పట్నుంచి మొదలైంది. ఏటా జూలై 14న బీచ్ రోడ్డులోని యుద్ధ స్మారకం దగ్గర పతకాలు పెట్టుకున్న పాత సిపాయిలు నిలబడతారు. లా మార్సెయ్యేజ్, జనగణమన రెండూ పాడతారు. నిలబడేవారి సంఖ్య ఏటేటా తగ్గుతోంది.

ఆ ఒప్పందంలోని 28వ అధికరణం ఆసక్తికరమైనది. ఎన్నికైన ప్రజాప్రతినిధులు వేరే విధంగా నిర్ణయించేదాకా ఫ్రెంచి అధికార భాషగా కొనసాగుతుందని అది చెబుతుంది. 1965లో అధికార భాషల చట్టం వచ్చింది. తమిళానికి, ఇంగ్లీషుకు, మాహేలో మలయాళానికి, యానాంలో తెలుగుకు చోటిచ్చింది. ఫ్రెంచిని తీసేస్తున్నామని మాత్రం గట్టిగా అనలేదు. కాబట్టి ఫ్రెంచి ఇంకా అధికార భాషేనని వాదించేవారున్నారు. దఫ్తరాల్లో మాత్రం దాని జాడ బోర్డుల మీదే.

నిజమైన గండం దఫ్తరాల్లో లేదు, టైమ్‌టేబుల్లో ఉంది. పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు ఇటీవలే తమిళనాడు, కేరళ, ఆంధ్ర బోర్డుల సిలబస్‌లు వదిలి సీబీఎస్‌ఈకి మారాయి. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడు భాషల్లో కనీసం రెండు భారతీయ భాషలై ఉండాలంటోంది. మూడోదిగా ఇంగ్లీషును పెట్టుకున్నాక ఫ్రెంచికి కుర్చీ ఎక్కడ? విచిత్రంగా అదే విధానపత్రం సెకండరీ స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల జాబితాలో ఫ్రెంచి పేరు కూడా రాసింది. ఇంగ్లీషును వదులుకునే తల్లిదండ్రులు ఈ దేశంలో దొరకరు. కాబట్టి ఫ్రెంచి ఫీజు కట్టగలిగిన వారి అదనపు భాషగా మిగిలే అవకాశమే ఎక్కువ. పైగా మార్చి అంటే బోర్డు పరీక్షల కాలం. పది, పన్నెండు తరగతుల పిల్లలు హాల్ టికెట్లతో తిరుగుతుంటే పండగ చిన్న తరగతులకే దక్కుతుంది.

మరోవైపు 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులు తమ దేశంలో చదవాలని ఫ్రాన్స్ అధ్యక్షుడు మెక్రాన్ 2024 జనవరిలో లక్ష్యం ప్రకటించారు. ఫ్రెంచి రాని పిల్లల కోసం ముందుగా భాష నేర్పే తరగతులూ పెడతామన్నారు. అంటే ఫ్రెంచికి గిరాకీ ఉంది. అది ఎవరికన్నదే ప్రశ్న. హైదరాబాద్, విజయవాడ జూనియర్ కాలేజీల్లో సంస్కృతం లాగే ఫ్రెంచి కూడా మార్కులు రాబట్టే రెండో భాష అన్న పేరు తెచ్చుకుంది. అలా వందకు తొంభై పైన తెచ్చుకున్నవారిలో ఎందరు ఒక వాక్యం తడబడకుండా మాట్లాడగలరో లెక్చరర్లకే తెలుసు.

నిజానికి తెలుగువాళ్లకు ఫ్రెంచివాళ్లతో పరిచయం ఇంకా పాతది. బొబ్బిలి యుద్ధం బుర్రకథలో బుస్సీ దొర లేకుండా కథ నడవదు. నిజాం సైన్యాన్ని తీర్చిన రేమండ్ పేరు మూసారాంబాగ్‌లో నిలిచిపోయింది. మచిలీపట్నంలో ఫ్రెంచిపేట ఉంది. వీటన్నింటికంటే దగ్గరిది యానాం. పుదుచ్చేరికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, గౌతమీ గోదావరి ఒడ్డున, 30 చదరపు కిలోమీటర్ల తెలుగు ముక్క. 2011 జనాభా లెక్కల్లో 55 వేల పైచిలుకు మంది. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం బాల్య వివాహాలను నిషేధిస్తే, ఆ చట్టం చెల్లని యానాంకు పెళ్లిబృందాలు బండ్లు కట్టుకుని వచ్చేవి. కల్యాణపురమన్న పేరు అందుకే వచ్చింది. మంగళవారం సంతలో విదేశీ సరుకు కోసం చుట్టుపక్కల ఊళ్లు దిగేవి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు యానాంను ఫ్రెంచి పాలన నుంచి తప్పించారు. ఆ కాలం మీద బొల్లోజు బాబా 'ఫ్రెంచి పాలనలో యానాం' అని ఏకంగా పుస్తకమే రాశారు.

యానాం పక్కనే కోరంగి. అక్కడి నుంచి ఓడలెక్కి మారిషస్ వెళ్లిన కూలీలను ఆ దీవిలో 'కోరంగీలు' అన్నారు. ఆ కూలీల వారసులు ఇవాళ ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, పేపరు ఫ్రెంచిలో చదువుతారు, బడిలో తెలుగు ఐచ్ఛిక భాషగా నేర్చుకుంటారు. 1828లో ఫ్రెంచి దీవి రియూనియన్‌కు తొలి ఒప్పంద కూలీలను పంపింది కూడా యానాం నుంచే. అక్కడి రికార్డుల్లో వారి పేరు 'తెలింగాలు'. మార్చి పండగలో మారిషస్ జెండా పట్టుకున్న పిల్లకు ఈ సంగతి చెప్పేవారుంటే ఆ జెండా బరువు మారుతుంది.

యానాంలో ఫ్రెంచి జ్ఞాపకాలు ఇప్పుడు చర్చిలో, పాత కచేరీ గోడల్లో, వృద్ధుల మాటల్లో ఉన్నాయి. కాగితాలు మాత్రం చాలా దూరం వెళ్లాయి. దక్షిణ ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊళ్లోని వలస దేశాల రికార్డుల భాండాగారం యానాం పాత జనన, వివాహ, మరణ రిజిస్టర్లను ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో అందుబాటులో పెట్టింది. పైసా ఖర్చు లేకుండా కాకినాడలో కూర్చున్న వాళ్లు కూడా చూడవచ్చు. వంకర టింకర ఫ్రెంచి చేతిరాతలో తెలుగు ఇంటిపేర్లు, కులాలు, వీధులు, సాక్షుల సంతకాలు. అయితే ఆ పుటల్లో తేదీలు అంకెల్లో ఉండవు. సంవత్సరంతో సహా మాటల్లో రాస్తారు. ముత్తాత 1897లో పుట్టాడని తెలుసుకోవాలంటే మనవరాలికి ముందు నాలుగు ఇరవైలు, పదిహేడు లెక్క తెలియాలి.